యాభై రెండు ముడులు

ఖమ్మంలో ఒక జిరాక్స్ దుకాణం మీది గది. రెండు వేల ఏడు, మే నెల, మిట్టమధ్యాహ్నం. పినపాక అవతల వాగు దాటి వచ్చిన జైరాంకు ఇది నాలుగో ఆఫీసు. ఓపిక మాత్రం మూడో ఆఫీసులోనే అయిపోయింది.

"ఇంకోపాలి చూడుండ్రి మేడం. బద్యా తండా. మా తాత పేరు మీదున్న తండా."

"చూసినన్నా. మూడుసార్లు చూసిన. ఉన్నది మీ ఊరు. లేదని నేనన్నానా?"

"ఉన్నదా! మరి మండలాఫీసోళ్లు లేదన్నరు గదా. మ్యాపు ఖమ్మంల గీస్తున్నరు, ఆడికి పో అన్నరు."

"పేరున్నది. పేరు పక్కన జనం గడిల సున్నా ఉన్నది."

"సున్నా అంటె?"

"సున్నా అంటె సున్నా. ఒక్క మనిషి లేడని. పక్కన బేచిరాక్ అని గూడ రాసిన్రు. దీపం పెట్టేటోడు లేని ఊరని."

"మరి నేనెవర్ని? దయ్యాన్నా? తెల్లారకముందు లేచి, వాగు దాటి, రెండు బస్సులు మారి వచ్చిన గదా నీ ముంగటికి!"

"నా మీద అరుస్తవేందన్నా! ఆ సున్నా నేను పెట్టిన్నా? ఆరేండ్ల కింద దేశమంత జనాభా లెక్కలు చేసిన్రు గదా, అవి ఎవరైనా తీసుకోవచ్చు. ఉపగ్రహం పైకెల్లి తీసిన ఫొటో గూడ గట్లనే, ఊరికే దొరుకుతది. ఆ రెండూ తెచ్చి ఒకదాని మీద ఒకటి పరుస్తున్న. గంతే నా పని."

"పరిస్తె ఏమొస్తది?"

"ఇటు రా, చూడు. పచ్చగున్నదంత అడవి. ఎర్ర చుక్క ఊరు. జనం ఎక్కువుంటె చుక్క పెద్దగ, తక్కువుంటె చిన్నగ. ఇదో పినపాక. ఇదో మా మణుగూరు. ఈ నీలం గీత మీ వాగు."

"వాగు మంచిగ కనిపిస్తున్నది!"

"అవ్."

"వాగవతల మేము."

"వాగవతల పచ్చగనే ఉన్నదన్నా."

"యాభై రెండు ఇండ్లమ్మా! యాభై రెండు ఇండ్లు కనపడలేదా దానికి? అవి కండ్లా కాకరకాయలా?"

"మీ ఇండ్లకు రేకులా, గడ్డి కప్పా?"

"గడ్డే. కొన్నిటికి తాటాకు."

"గందుకే. ఊరికే దొరికే ఫొటో ఇది. నాలుగైదు గుడిసెలు కలిపి ఒక్క చుక్క లెక్క వస్తది. గడ్డి కప్పును పైకెల్లి చూస్తె గడ్డే."

"సరే, దానికి కండ్లు లేవు. నీకున్నయి గదా. నేను చెప్తున్న, రాసుకో."

"నువ్వు చెప్పంగనే నేను రాస్తె, రేపు ఇంకొకడు వచ్చి మా ఊళ్లె పదివేల మంది ఉన్నరంటడు. రాయాల్నా?"

"నేను పదివేలు అంటలేను గదా!"

"నువ్వు అంటలేవు. కోపం చేసుకోకు. కూసో, నీళ్లు తాగు."

"నీళ్లొద్దు. ప్రతి ఆఫీసుల గిదే. కూసోమంటరు, నీళ్లిస్తరు, పోయిరమ్మంటరు. నీళ్లు తాగి తాగి కడుపు చెరువైంది. నాకు ఒక్కటి చెప్పు మేడం, రోడ్డు లిస్టు ఈ మ్యాపుకెల్లే తీస్తరట గదా?"

"మేడం గీడం అనకు. మధులత నా పేరు. మా నాయిన బొగ్గు బాయిల పనిచేస్తడు, నేనేం ఆఫీసర్ను గాదు. అవ్, ఈ మ్యాపుకెల్లే తీస్తరు. అడవి దిక్కు అయితె రెండొందల యాభై మంది ఉన్న ఊర్లను కంప్యూటరే ఏరుకుంటది. రోడ్డు, వాగు మీద వంతెన, రెండూ వస్తయి."

"ఒక్కరు తక్కువైతె?"

"తక్కువైతె ఏరదు."

"రెండొందల నలభై తొమ్మిది ఉంటె?"

"అన్నా, దానికి మొహమాటం ఉండదు. ఒక్కటి తక్కువైనా తక్కువే."

"మొహమాటం లేదు, దయ లేదు. మా ఊరి పటేలే నయం."

"ఆగు, ఫోనొస్తున్నది. మా మేనేజర్. హలో, రవికుమార్ సార్. అవ్ సార్. ఇంకా పంపలే సార్. నాలుగింటికి సర్వర్ బందైతదని తెల్సు సార్. సున్నాలున్న ఊర్లు పదకొండు మిగిలినయి, కాయితాలు చూసి... ఏంది సార్? తీసెయ్యాల్నా? గట్లెట్ల తీసేస్త సార్? మూడు నెలలకెల్లి కూసొని... హలో? హలో సార్? పెట్టేసిండు."

"ఏమంటడు?"

"సున్నాలున్న ఊర్లను మ్యాపులకెల్లే తీసెయ్యమంటున్నడు. ఖాళీ ఊర్లుంటె చూడనీకి బాగుండదట."

"పేరు గూడ పోతదా?"

"పేరు గూడ పోతది."

"ఓరి నా తండ్రీ! పెనం మీదికెల్లి పొయ్యిల పడ్డట్టయింది గదా! నేను అడగనొచ్చుడే తప్పయింది."

"నేనింకా తీసెయ్యలే. నోరు కొట్టుకోకు. నాకు గూడ మండుతున్నది. ఎండ ఒకటి, ఈ మేనేజర్ ఒకడు, మధ్యల నువ్వొకడివి."

"ఇప్పటికి మూడు ఆఫీసులు తిరిగినమ్మా. ఒకాయన మా దగ్గర లేదంటడు. ఒకాయన రేపు రమ్మంటడు. ఇంకొకాయన నీ ఊరు ఏదంటె, చెప్తె, నవ్విండు. చెప్పులరిగినయి. చెవిటోని ముంగట శంఖం ఊదినట్టయింది నా బతుకు."

"అంత జల్దీ ఏందన్నా? ఇన్నేండ్లు ఆగిన్రు గదా."

"ఇన్నేండ్లు ఆగినం. పోయిన వానకాలం వాగొచ్చింది. అటోళ్లు అటే, ఇటోళ్లు ఇటే. జరమొచ్చిన పిల్లను మంచం మీదేసుకొని ఒడ్డు దాక తెచ్చినం. రెండు దినాలు ఆడనే కూసున్నం. అవతలి ఒడ్డున అంబులెన్స్ లైటు తిరుగుతనే ఉన్నది, కనిపిస్తనే ఉన్నది."

"ఎవరి పిల్ల?"

"తండా పిల్లనే."

"తర్వాత?"

"తర్వాతేమున్నది. వాగు తగ్గింది."

"పిల్ల సంగతి అడుగుతున్న."

"నువ్వు మ్యాపు సంగతి చూడమ్మా జర. టైము పోతున్నది."

"సరే, సరే. ఇను. ఒక్క తొవ్వ ఉన్నది. సున్నా రాసిన ప్రతి ఊరికి ఒక పంచనామా ఉంటది. ఊళ్లె ఎవరు లేరని చెప్పి ఒక సాక్షి సంతకం పెడ్తడు. ఆ సాక్షి వచ్చి, నేనప్పుడు తప్పు చెప్పినని రాసిచ్చి, ఇప్పుడు ఇండ్లెన్ని, మనుషులెంతమంది అని లెక్క అప్పజెప్తె, నేను మార్చొచ్చు. మా కాంట్రాక్టుల గా రూలున్నది."

"సాక్షే రావాల్నా?"

"సాక్షే రావాలె."

"నేను రాసిస్త. నేనున్న గదా."

"నువ్వు సాక్షివి కాదు గదన్నా. వేరేటోళ్లు రాసిస్తె చెల్లదు. మళ్ల జనాభా లెక్కలొచ్చే దాక ఆగాలె. ఇంకో నాలుగేండ్లు."

"ఆ సాక్షి చచ్చిపోయిండు గావచ్చు."

"నీకెట్ల తెల్సు?"

"తెల్వదు. గావచ్చు అంటున్న."

"చూస్తె తెలుస్తది. మండలం కెల్లి జిరాక్సులు తెప్పించిన, ఆ మూలకున్న కట్టల... అయ్యో! పాయె! కరెంటు పాయె! సేవ్ చేసిన్నా? చేసిన్నా? ఆఁ, చేసిన. బతికిన. యూపీఎస్ పది నిమిషాలకంటె ఆగదు, బంద్ చేస్తున్న. ఆ కిటికీ తెరువన్నా, కాయితాలు చూద్దాం."

"రేపు చూడరాదా?"

"గిప్పుడే జల్దీ జల్దీ అంటివి, గిప్పుడు రేపంటున్నవ్! కిటికీ తెరువు. ఆఁ. బద్యా తండా, బద్యా తండా... దొరికింది. ఎంత మంచి చేతిరాతనో, ఎవరో బడి పంతులు రాసినట్టున్నడు. ఇను, చదువుత. 'మేము గ్రామమునకు పోయి చూడగా తలుపులకు ముండ్ల కంప అడ్డముగా పెట్టి ఉన్నది. పొయ్యిలు వెచ్చగా ఉన్నవి. గంపల కింద కోళ్లు ఉన్నవి. మనుషులు ఎవరూ లేరు. ఇవి పశువుల కాపరుల గుడిసెలనియు, ఇక్కడ ఎవరూ కాపురము ఉండరనియు స్థానికుడు చెప్పినాడు.' ఇన్నవా?"

"ఇంటున్న."

"పొయ్యి వెచ్చగున్నదట, కోళ్లున్నయట, మనుషులు లేరట! కోళ్లే వండుకొని తిన్నయా మరి? ఎవడన్నా ఆ స్థానికుడు? ఊరు ఊరినే మింగిండు గదా!"

"తిట్టకమ్మా."

"తిట్టకేంది? ఒక్కడు చెప్పిన అబద్ధానికి యాభై రెండు ఇండ్లు ఆరేండ్లకెల్లి లేకుండ పోయినయి. మా నాయినోళ్లు బాయిల దిగేటప్పుడు లెక్క, ఎక్కేటప్పుడు లెక్క. ఒక్కడు తక్కువైతె షిఫ్టు షిఫ్టంత ఆడనే నిలబడ్తది, ఇంటికి పోరు. లెక్క తప్పితె లోపల మనిషి మిగిలిపోతడని. గందుకే నాకు గిట్ల తప్పుడు లెక్క చెప్పేటోళ్లంటె ఒళ్లు మంట. నీకు కోపం రాదా? ఏందన్నా, దొంగకు తేలు కుట్టినట్టు ఊకున్నవ్?"

"ఏం లేదు."

"సంతకం తెలుగులనే ఉన్నది. జిరాక్సుల జర మాసింది. ఇది 'జ' నా? జై..."

"జైరాం."

"ఏంది?"

"భూక్యా జైరాం. అది నా సంతకమే."

"నువ్వా?"

"నేనే."

"అన్నా, గంట సేపటి కెల్లి నా మీద అరుస్తున్నవ్! ఉపగ్రహాన్ని తిట్టినవ్, మండలాన్ని తిట్టినవ్..."

"తిట్టిన. ఎవర్నో ఒకర్ని తిట్టకపోతె నన్ను నేనే తిట్టుకోవాలె. ఆ పని రోజూ చేస్తనే ఉన్న."

"ఎందుకు చెప్పినవన్నా గట్ల?"

"చెప్తె నవ్వుతవ్. ఆ యేడు ఒక పుకారు లేచింది. జంగ్లాతోళ్లు, గదే ఫారెస్టోళ్లు, ఇండ్ల లెక్క రాసుకపోతరు, లెక్కల పడ్డ ఇండ్లను లేపేస్తరని. మా కాడ ఒక పద్ధతి ఉన్నది. కాయితాలు పట్టుకొని ప్యాంటోడు వచ్చిండంటె చాలు, మంచాలు బోర్లేసుడు, తలుపుకు కంప అడ్డం పెట్టుడు, పిల్లా జెల్లా, కుక్కలతోటి సహా అడవిలకు పోవుడు. మా తాతలనాటి కెల్లి గంతే. ఒక్కడు మాత్రం ఉండాలె, వచ్చినోనికి ఎవరు లేరని చెప్పనీకి. తండాల పదో తరగతి దాక చదివింది నేనొక్కన్నే. సంతకం వస్తదని మా తండా పెద్ద దేవ్లా నాయక్ నన్ను నిలబెట్టిండు."

"వచ్చింది జంగ్లాతోళ్లు కాదు గదా?"

"జనాభా లెక్కల పంతులు. ముసలాయన. చెమటలు కారుకుంట వచ్చిండు. నీళ్లిచ్చిన. 'పొయ్యి వెచ్చగున్నదేందిరా బిడ్డా' అన్నడు. పొద్దున గొడ్ల కాపరోళ్లు గంజి కాసుకొని పోయిన్రు సార్ అన్న. నా మొకం దిక్కు మస్తు సేపు చూసిండు. 'మంచికి వచ్చిన బిడ్డా, మీరుంటె ఉన్నరని చెప్పు' అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"ఎవరు లేరు సార్ అన్న. ఆ చెట్ల ఎనుక రెండొందల మంది ఊపిరి బిగబట్టుకొని ఉన్నరు. ఒక చంటిపిల్ల ఏడ్సింది గూడ. పంతులు ఇన్నడు. ఇని గూడ ఏమనలే. సంతకం పెట్టుమన్నడు. పెట్టిన. ఆ దినం రాత్రి తండాల నన్ను మెచ్చుకున్నరమ్మా! ఇప్ప సారా పోసిన్రు. తండాను కాపాడిండు జైరాం అన్నరు."

"కాపాడినవ్ లే!"

"నువ్వు తిట్టు. నీ చేత తిట్టించుకుంటె మనసు జర తేలికైతున్నది."

"తిట్టుడు తర్వాత. గిప్పుడు సాక్షి నా ముంగటనే ఉన్నడు గదా! ఇదో కాయితం. 'ఆనాడు నేను చెప్పినది అబద్ధము' అని రాయి. కింద సంతకం పెట్టు."

"జైల్ల ఏస్తరా?"

"ఎవరు ఎయ్యరు. చదివి నవ్వుకుంటరు, అంతే."

"నవ్వనీ. ఇగో. సరిపోతదా?"

"సరిపోయింది. అదే జ, అదే వంకర. కరెంటు గూడ వచ్చింది, చూడు, నీ నోట నిజం రాంగనే వచ్చింది! ఇప్పుడు లెక్క చెప్పు. పేర్లు అక్కరలే, రెండే గడులు. ఇండ్లెన్ని, మనుషులెంతమంది. రాసిన కాయితం తెచ్చినవా?"

"కాయితం లేదు. ఇది తెచ్చిన."

"ఏందిది? చీర పేలికా?"

"కాలం చేసిన మా అమ్మ మంగ్లి పాత ఓణీ చింపినం. ఒక్కో ముడి ఒక్కో ఇల్లు. ఇంట్ల ఎంతమంది ఉంటె అన్ని జొన్న గింజలేసి, ఎవరిది వాళ్లే ముడేసిచ్చిన్రు. మా వాళ్లు కాయితం మీద పేరు రాయిస్తలేరు, ఇప్పటికి గూడ భయమే. గింజ అయితె సరే అన్నరు. గింజకు పేరుండదు గదా."

"అబ్బ, మంచి తెలివే! ఇప్పుడు ఇవన్నీ ఇప్పాల్నా నేను? టైము మూడాయె."

"నేనిప్పుత, నువ్వు లెక్కపెట్టు."

"కింద పడనియ్యకు. ఒక్కటి పోతె ఒక మనిషి పోతడు. ఇది ఆరు. ఇది నాలుగు. ఇది... తొమ్మిదా? ఎవరిల్లు?"

"దేవ్లా నాయక్‌ది. కొడుకులు, కోడండ్లు అందరొక్క కాడనే."

"ఇది ఒక్కటే గింజ."

"కొండమ్మ ముసలవ్వ. ఒక్కతే. ఒక్క గింజ ఏసుకొని, ఇది పోతె మొలకెత్తుతదా అని నవ్వింది."

"ఐదు. ఐదు. మూడు. నీకెంతమందన్నా పిల్లలు?"

"ఒక్క బిడ్డ. సోని."

"ఎంత వయసు? బడికి పోతదా?"

"బడి యాడున్నదమ్మా మా కాడ. ఇదో, ఇది ఏడు."

"ఏడు. సోనిని ఒకసారి తీసుకరా ఖమ్మం, మా ఇంటికి రండ్రి. ఇది ఆరు. ఇది నాలుగు. ఆగు, కూడనీ. ఎట్ల ఉంటదో ఏమో. ఎంత వస్తదని అనుకున్నరు మీరు?"

"దేవ్లా నాయక్ మూడొందలు దాటుతం అన్నడు. గని పత్తి చేన్ల పనికని కొన్ని ఇండ్లోళ్లు అశ్వారావుపేట దిక్కు పోయి ఆడనే ఉండిపోయిన్రు."

"రెండొందల ముప్పై... ముప్పై ఎనిమిది... నలభై రెండు... నలభై ఏడు. రెండొందల నలభై ఏడు. అయిపోయినయా ముడులు?"

"బల్ల మీదున్నయి అయిపోయినయి."

"అన్నా, ఇక్కడ యాభై ఒకటే ఇప్పినం. యాభై రెండు ఇండ్లన్నవ్."

"అవ్."

"ఇంకో ముడి యాడ?"

"ఉన్నది."

"యాడున్నదన్నా?"

"చేతుల ఉన్నది."

"చేతుల పెట్టుకొని పిడికిలి బిగిస్తవేంది? ఇటియ్యి!"

"అది మా ఇంటిది."

"మీ ఇల్లు తండాల లేదా ఏంది? మూడు తక్కువ పడుతున్నయి, ఇటియ్యన్నా, మూడున్నరైంది! ఆఁ. ఒకటి. రెండు. మూడు. మూడు! నువ్వు, వదిన, సోని! రెండొందల యాభై! అన్నా, సరిగ్గ రెండొందల యాభై!"

"ఇంకోపాలి లెక్కపెట్టు."

"రెండుసార్లు కూడిన. తప్పు లేదు."

"నువ్వు గింజలే చూస్తవా చెల్లె? మనుషులను చూడవా?"

"ఖమ్మంల కూసొని మనుషులను ఎట్ల చూస్తనన్నా? సాక్షివి నువ్వే. రూలు ప్రకారం అడగాలె, అడుగుతున్న. ఈ లెక్క సరియైనదేనా?"

"ఎవరి ముడి వాళ్లే కట్టిన్రు."

"సరియైనదే అను, చాలు."

"ఎవరి ముడి వాళ్లే కట్టిన్రమ్మా. నేనెవర్నీ ఏమనలే."

"అబ్బబ్బ, నీతోటి! ఆరేండ్ల కింద అడిగితె టక్కున చెప్పినవట, ఇయ్యాల నాలుక మడత పడ్డదా? సరే, కొడ్తున్న. ఇండ్లు యాభై రెండు. మనుషులు రెండొందల యాభై. చూడు, చూడు, వాగవతల ఎర్ర చుక్క వచ్చింది!"

"అది మేమేనా?"

"మీరే. చిన్నగున్నది గని, ఉన్నది."

"చిన్నగనే ఉన్నది. జొన్న గింజంత."

"ఇప్పుడు పంపుతున్న. నెట్టు నత్త నడక నడుస్తది, నువ్వు కుర్చీల ఊగకు, నాకు పరేషానవుతున్నది. నలభై శాతం. అరవై. ఆగిపోయిందా? ఆగిపోకే తల్లీ. ఎనభై. మూడు యాభై అయిదు. తొంభై... పోయింది! పోయిందన్నా! ఇక హైదరాబాదుల కంప్యూటర్ చూసుకుంటది. మీ తండా లిస్టుల పడ్డట్టే."

"పోయిందా?"

"పోయింది."

"ఎనుకకు తెప్పియ్యరాదా?"

"ఎందుకు తెప్పిస్త? తెప్పిద్దామన్నా రాదు, సర్వర్ బందైతున్నది. ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఆ లెక్క మారదు."

"మారదు గదా?"

"మారదంటున్న గదా! ఇంకా భయమేందన్నా నీకు? మా మేనేజర్ అడిగితె నేను చెప్పుకుంట. ఏందది, గింజలన్నీ మూట కట్టుకుంటివి, ఆ ఒక్కటి ఏరి జేబుల ఏసుకుంటున్నవేంది?"

"చెల్లె, మా ఇంటి ముడి నా పెండ్లాం లాలి కట్టింది. మూడు గింజలేస్తుంటె చూసుకుంట ఊకున్న. పోయిన వానకాలం కెల్లి మా ఇంట్ల మేం ఇద్దరమే."